మృగయావర్ణనము – అభయారణ్యము

మన ప్రబంధములందు వేఁటను వర్ణింపనివి కొలఁది. పాఠశాలలలో నీ ఘట్టములను బోధించు పండితులలోఁ బెక్కుమంది యొకే మాటతోఁ బాఠము నారంభింతురు: “అష్టాదశవర్ణనములలో మృగయ యొకటి, కావునఁ గవి దీనిని వర్ణించినాఁడు.” నేనును బహుకాల మీ మాటనే చెప్పుచు వచ్చితిని. ఇది సరియగునా యని విచారింపవలసిన యవసరము నాకొక విద్యార్థివలనఁ గలిగినది.

ఆతఁడు కిన్నెరసాని యొడ్డునందలి పల్లెనుండి వచ్చి చదువుకొనుచున్న కోయబాలుఁడు. ఒకనాఁడు వేఁటఘట్టమును జెప్పుచు ‘గవయము’ అను పదమునకు ‘గోసదృశమైన మృగవిశేషము’ అని యర్థము వ్రాయించితిని. బాలుఁడు లేచి, “అయ్యవారూ, మా తాత చెప్పెడి యడవిదున్న యిదేనా? వేఱొకటియా?” అని యడిగినాఁడు. “నీవు చూచితివా?” యని నేనంటిని. “నేను చూడలేదు, తాత చూచినాఁడు” అని యాతఁ డుత్తరమిచ్చెను. నేనును జూచినవాఁడను గాను.

తర్కసంగ్రహము చదివినవారందఱికిని ఉపమానప్రమాణమునకు గవయమే యుదాహరణమని తెలియును. గవయ మెట్టిదో యెఱుఁగనివాఁ డొకఁడు, అది గోవువంటిదని యరణ్యవాసి చెప్పఁగా విని, వనమునకుఁ బోయి, అట్టి జంతువును గాంచి, ‘గవయపదముచేఁ జెప్పఁబడునది యిదియే’ యని గ్రహించును. ఈ జ్ఞానము సిద్ధించుటకు మూఁడు కావలయును: చెప్పు నరణ్యవాసి, విను పురుషుఁడు, అడవిలోఁ గనఁబడు గవయము. మా తరగతిలో నరణ్యవాసి మనుమఁడు వినువాఁడయ్యెను. అడవి నెఱుఁగని నేను చెప్పువాఁడ నైతిని. గవయమో, మా యిరువురకును గనఁబడలేదు. ప్రమాణమునకుఁ గావలసిన మూఁడును దప్పినవి.

కావున మూఁడు ప్రశ్నల నిందుఁ బరిశీలింపఁ దలఁచితిని. మృగయావర్ణనము శాస్త్రముచే విధింపఁబడినదా? వేఁటనుగూర్చి మన కావ్యముల హృదయ మెట్టిది? నేఁడు వేఁటకును జేఁపలపట్టునకును విధింపఁబడుచున్న నియమములు మన సాహిత్యమునకుఁ బరాయివా, లేక దానికి సహజమైన పర్యవసానమా?

లక్షణవిచారము

దండి కావ్యాదర్శమునందు మహాకావ్యమున వర్ణింపఁదగినవానిని నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు మొదలుకొని నాయకాభ్యుదయము వఱకు లెక్కించినాఁడు. ఓరుగల్లు నేలిన ప్రతాపరుద్రుని (1289–1323) యాస్థానమునందలి విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమున నించుమించుగా నాపట్టికనే గ్రహించెను. అందు ఉద్యానక్రీడ కలదు, జలక్రీడ కలదు, మధుపానము కలదు, దండయాత్రయు యుద్ధమును గలవు, మృగయ లేదు. పదునెనిమిదింటిని వ్రేళ్లమీఁద లెక్కించి చూచిన నెవ్వరికైనను దెలియును. మృగయను బేరెత్తి చెప్పినవాఁడు 14వ శతాబ్దివాఁడగు సాహిత్యదర్పణకారుఁడు విశ్వనాథుఁడు. ఆతని పట్టిక వేఱు. అందుఁ బదునెనిమిదియను సంఖ్యానియమమును లేదు. అదియుఁగాక వీనిని యథాయోగముగా వర్ణింపవలయునని యాతఁడే చెప్పినాఁడు.

దీనివలనఁ దేలిన దేమి? ‘అష్టాదశవర్ణనములలో మృగయ యొకటి’ యను వాక్యము రెండు వేర్వేఱు లక్షణగ్రంథములను గలగాపులగము చేసి పుట్టించినది. మన కవులు వేఁటను వర్ణించినది శాస్త్రము తఱుముటచేతఁ గాదు, తమ యిచ్ఛచేత. తమ యిచ్ఛచేఁ జేసిన దానికే కవి బాధ్యుఁడు. అట్టిదియే విమర్శకుఁ డడుగఁదగినది.

ఈ యిచ్ఛకుఁ గారణములు దుర్గ్రాహ్యములు కావు. శ్రోత రాజు; ఆతనికి వేఁట వినోదము. కథాసంవిధానమునకును వేఁట యుపకరించును: నాయకుని నగరమునుండి తప్పించి, పరివారమునుండి వేఱుచేసి, ఆశ్రమమునకో కన్యాసమాగమమునకో చేర్చుటకు దానికంటె సులభమైన మార్గము లేదు. మనుచరిత్ర చతుర్థాశ్వాసమున స్వరోచి వేఁటకుఁ బోయియే మనోరమను గలిసికొనెను. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. పురవర్ణనమునందుఁ దత్సమములచేఁ గప్పఁబడిన తెలుఁగుకవి, అడవికి వచ్చునప్పటికి బోయవాని నాలుకను అరువు తెచ్చుకొనవలసినవాఁడగును. వల, ఉరి, ఉచ్చు, బోను, దీమము, డేగ, సాళువ. లేఁడి, ఇఱ్ఱి, దుప్పి, కణుజు, మనుఁబోతు, ఏకలము, సివంగి, ఏదు – ఈ సంపద యంతయు వేఁటఘట్టములే మనకు భద్రపఱచి యిచ్చినవి. ఈ ఋణమును మఱచి వేఁటవర్ణనములను గావ్యములనుండి తొలఁగింపవలయునని నేఁటి కొందఱనుట తగదు. చదువవలసినదే, కాని యేమి చదువుచున్నామో తెలిసి చదువవలయును.

కథాసాక్ష్యము

ధర్మశాస్త్రమున వేఁట వ్యసనము. మనువు కామజములగు పది వ్యసనములను జెప్పుచు మృగయను మొదట నుంచెను. వానిలో మిక్కిలి కష్టములైన నాలుగింటిలోను దానిని జేర్చెను. అర్థశాస్త్రమున వ్యసనాధికారమునందు ద్యూతముకంటె మృగయ చెడ్డదని పిశునుఁడు వాదింపఁగాఁ గౌటిల్యుఁ డంగీకరింపక, వేఁటయందు వ్యాయామమును, మేదస్సు తఱుగుటయు, చలించు లక్ష్యమును గొట్టు నేర్పును గలవని సమాధానము చెప్పెను. శాకుంతల ద్వితీయాంకమున సేనాపతి యీ పక్షమునే యెత్తుకొని వేఁటను బొగడును. కాళిదాసుఁ డీ పొగడ్తను సేనాపతినోట నుంచి, వెంటనే రాజుచేత వేఁటను మాన్పించుట గమనింపఁదగినది. ప్రథమాంకమున బాణ మెక్కుపెట్టిన దుష్యంతుని వైఖానసు లడ్డగింతురు. ద్వితీయాంకమున నాతఁడే సేనను మరలించును. ఆ నాటకమంతయు విడువని బాణమునుండి పుట్టినది.

ఇతరకథలను జూతము. దశరథుఁడు శబ్దవేధియై మునికుమారుని గూల్చి పుత్రశోకశాపమును బొందెను. పాండురాజు మృగరూపమున నున్న కిందమునిఁ గొట్టి సంతానసుఖమునకు దూరమయ్యెను. శ్రీరాముఁడు మాయలేఁడిని వెంబడించిన యనంతరమే సీతాపహరణము. ఆ లేఁడి తిరిగిన చోటు మా భద్రాచలమునకుఁ జేరువనున్న పర్ణశాలయని యిచ్చటి జనులు నేఁటికిని జూపుదురు. ఆదికావ్యమునకు మొదలు నిషాదుఁడు కొట్టిన క్రౌంచము. ఈ పట్టికను బరికించినచో నొక సత్యము గోచరించును. మన వాఙ్మయమున వర్ణనమందు వేఁట యుత్సవము. కథయందు వేఁట ప్రమాదము. వర్ణనము రాజును సంతోషపెట్టినది. కథ రాజును హెచ్చరించినది. పద్యములను విడివిడిగాఁ జెప్పి కథను మఱచెడి మన బోధనపద్ధతిచే విద్యార్థికి మొదటిదియే యందుచున్నది.

మనుచరిత్ర దీనికి నిదర్శనము. దానికి మూలమైన మార్కండేయపురాణమున స్వారోచిషమనువు జన్మకథ యిట్లున్నది. స్వరోచి వేఁటలో నొక వరాహమునకు బాణము గుఱిపెట్టఁగా నొక హరిణి యెదుటికి వచ్చి, దానిని విడిచి తన్నుఁ గొట్టుమనును. కారణ మడుగఁగాఁ దన కోరికను దెలిపి యాలింగన మర్థించును. ఆతఁ డాలింగనము చేసికొనఁగనే యామె దివ్యాంగనయై, తా నా వనమునకు దేవతనని చెప్పును. వారికిఁ బుట్టినవాఁడే మనువు. పేరు పెట్టఁబడిన నాయకుని పుట్టుక బాణము విడిచినందునఁ గాదు, విడువనందునఁ గలిగినది. ప్రవరవరూధినుల ఘట్టమును వందలసారులు చర్చించిన విమర్శకు లీ సంగతిని దగినంతగాఁ బట్టించుకొనలేదని నా యభిప్రాయము.

ఇందుకు నొక యాక్షేపణ కలదు: శ్రీకాళహస్తిమాహాత్మ్యమునందలి తిన్నఁడు వేఁటకాఁడు కాఁడా? ఆతఁడు ముక్తుఁడు కాలేదా? నిజమే. కాని తిన్నని వేఁట వృత్తి. దశరథుని వేఁట వ్యసనము. వృత్తిగాఁ జేయువాఁడు కడుపునకుఁ గావలసినంత కొట్టును. వ్యసనముగాఁ జేయువానికి మేర లేదు. ఈ వృత్తివ్యసనభేదమును మనవారు స్పష్టముగా నెఱుఁగుదురు. దీని నిచ్చట జ్ఞాపక ముంచుకొనవలయును; నేఁటి చట్టమును విమర్శించునప్పు డిది మనకుఁ గావలసివచ్చును.

అన్నిటికంటె బలమైన సాక్ష్యము వ్యాసభారతము వనపర్వమునందలి మృగస్వప్నోద్భవపర్వము. చిన్నది గావునఁ బలువురు దాఁటిపోవుదురు. పాండవులు ద్వైతవనమున నుండఁగా ధర్మరాజునకుఁ గలలో మృగములు గన్నీటితో వణఁకుచు వచ్చి చేతులు జోడించును. తాము చావఁగా మిగిలినవారమనియు, వీరులగు నాతని తమ్ములచేఁ దమ కులము లల్పావశేషములైనవనియు, ఇప్పుడు విత్తనముగా మాత్రమే మిగిలితిమనియు, తాము మరల వృద్ధిపొందునట్లు చోటు మార్చుమనియు నవి వేఁడును. ధర్మరాజు మేల్కాంచి తమ్ములతో, తా మా మృగములపై 1 సంవత్సరము 8 నెలలు జీవించితిమని లెక్క చెప్పి, కామ్యకవనమునకుఁ దరలిపోవ నిశ్చయించును.

ఇచ్చట మూఁడు విషయములు గమనింపఁదగినవి. ధర్మరాజు వేఁట పాపమని మానలేదు. వనవాసులకు వేఁట యాహారము. మృగములును దమ్ముఁ జంపవలదని యడుగలేదు. తమ కులము నశింపకుండఁ గొంతకాలము విడువుమని యడిగినవి. వాని మాటలోని కీలకము ‘బీజ’శబ్దము. రైతు పంటనంతయుఁ దినును గాని విత్తనమును దినఁడు. నేఁటి జీవశాస్త్రజ్ఞులు ప్రాణిసంరక్షణమునకుఁ జెప్పు మూలసూత్ర మిదియే: మిగిలినవి మరల వృద్ధిపొందఁగలిగినంత సంఖ్య యుండవలయును, వానికిఁ గాలమును చోటును గావలయును. దానిని వ్యాసుఁడు లేళ్లచేతనే చెప్పించినాఁడు.

రాజశాసనములు

కావ్యములు హెచ్చరింపఁగా శాసనములు నిషేధించినవి. 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున సూనాధ్యక్షప్రకరణము గలదు. రాజు అభయ మిచ్చినవియు నభయవనమున వసించునవియు నగు మృగములను, పశువులను, పక్షులను, మత్స్యములను బంధించుట, చంపుట, హింసించుట – ఈ మూఁటికి నందుత్తమసాహసదండము విధింపఁబడినది. ఆ వనపరిగ్రహములందుఁ గుటుంబములు గలవారు తప్పుచేసిన దండము మధ్యమము. కొఱకు వ్రాసిన శాస్త్రకారుఁ డడవిని నమ్మి బ్రదుకు కుటుంబమును వేఱుగాఁ జూచినాఁ డనుట కిది చాలును.

అశోకుని శాసనములు మన కర్నూలు జిల్లాలోని యెఱ్ఱగుడియందే కలవు. ప్రథమశిలాశాసనమునఁ దన పాకశాలలో నిత్యము జరుగు ప్రాణివధను రెండు నెమళ్లకును ఒక మృగమునకును దగ్గించితినని యాతఁడు చెప్పుకొనెను. అష్టమశాసనమున మృగయతోఁ గూడిన విహారయాత్రలను విడిచి ధర్మయాత్రల నారంభించితి ననెను. పట్టాభిషేకానంతరము 26వ యేఁట వ్రాయించిన యైదవ స్తంభశాసనమున నవధ్యములగు ప్రాణుల పట్టిక గలదు. కొన్ని తిథులయందుఁ జేఁపలను జంపరాదు, అమ్మరాదు. ఆ దినములందు గజవనములందును బెస్తల జలాశయములందును నే ప్రాణిని జంపరాదు. అడవులను వృథాగాఁ గాల్పరాదు. చేఁపలపట్టునకుఁ గాలనియమము నేఁటి క్రొత్త వింత కాదని యిందువలన విశద మగుచున్నది. ఇప్పుడు మన తూర్పుతీరమున 15 ఏప్రిలు మొదలు 14 జూను వఱకు 61 దినములు సముద్రమున యంత్రనౌకల వేఁటను నిషేధించుట, చేఁపలు గ్రుడ్లు పెట్టు కాలమును గాపాడుటకే. ప్రయోజనము వేఱైనను రూప మొక్కటియే.

ఆంగ్లపాలనమున 1897 నాఁటి మత్స్యచట్టము నీటిలోఁ బ్రేలుడుపదార్థము వేసి యైనను విషము గలిపి యైనను జేఁపలను జంపుటను నేరముగాఁ జేసినది. 1912 నాఁటి చట్టము కొన్ని పక్షిమృగములకు నిషిద్ధకాలమును నిర్ణయించు నధికారమును ప్రభుత్వమునకిచ్చినది. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టము మొదటఁ గొన్ని జంతువులకు సంపూర్ణాభయ మిచ్చి, తక్కినవానికి లైసెన్సు వేఁట నంగీకరించినది. 1991 నాఁటి సవరణముతో నా లైసెన్సులును బోయినవి.

వైయాకరణుఁడ నగుటచే నా చట్టమున నన్నాకర్షించినది సంజ్ఞాప్రకరణము. పాణిని వృద్ధిశబ్దమునకు లోకమునందలి యర్థమును విడిచి తన శాస్త్రమునకుఁ గావలసిన యర్థమును గల్పించుకొన్నట్లు, ఈ చట్టము ‘వేఁట’ యను పదమునకుఁ దన పరిభాషను గల్పించుకొన్నది. చంపుట మాత్రమే కాదు. పట్టుట, ఉచ్చు పన్నుట, విషము పెట్టుట, తోలుట, ఎర చూపుట, గాయపఱచుట, అవయవము దీసికొనుట, పక్షుల గ్రుడ్లనో గూళ్లనో చెఱచుట – వీనికిఁ బ్రయత్నించుటయుఁ గూడ – వేఁటయే. కౌటిల్యుని బంధవధహింసలే యిందు విస్తరింపఁబడినవి. దసరానాఁడు దర్శనపుణ్యమునకై పాలపిట్టను బట్టి, పంజరమున నుంచి, యింటింటఁ జూపి డబ్బు పుచ్చుకొనుట యీ పరిభాషలో వేఁటయే యగును. పాలపిట్ట తెలంగాణరాష్ట్రపక్షి. ఆకాశమున నెగురుచుండఁగాఁ జూచుటయే దర్శనము. రెక్కలు గట్టి చూపినది దర్శనము గాదని శిష్యులకుఁ జెప్పుట మన పని.

‘వన్యప్రాణి’ యను మాటను గూర్చి యొక సందేహము గలదు. చేఁప నీటియందుండునది గదా, దానిని వన్యమనుట యెట్లు? అమరసింహుఁడు ‘వన’శబ్దమును జలపర్యాయములలోఁ జదివినాఁడు. వనమందు భవమైనది వన్యము. కావున నడవియందలి దుప్పియు నేటియందలి చేఁపయు నొక్క శబ్దముననే యిముడును. చట్టమును దెనిఁగించినవారు దీనిని దలఁచి చేసిరో లేదో కాని, మాట మాత్రము చక్కఁగాఁ గుదిరినది.

మన సీమ

ఇంతవఱకుఁ జెప్పినది శాస్త్రము, ఇఁక క్షేత్రము. భద్రాచలమునకును బూర్గంపాడునకును నడుమ గోదావరి ప్రవహించును. 1874లో మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానిలోనికి వచ్చిన భద్రాచలసీమ యొకయొడ్డు; నిజాము రాజ్య మొకయొడ్డు. 1956 వఱకు నీ నది రెండు రాజ్యములకు సరిహద్దు. 1959లో భద్రాచలము ఖమ్మముజిల్లాలోఁ గలిసినది. 2014లోఁ బోలవరము ముంపుమండలములు ఆంధ్రప్రదేశమునకుఁ బోవఁగా రాష్ట్రపు సరిహద్దు మరల భద్రాచలము పొలిమేరకు వచ్చినది. ఉత్తరమున ఛత్తీసుగఢము సమీపముననే యున్నది. అడవి యొక్కటి, శాసనములు మూఁడు. ఒకయొడ్డునఁ దఱుమఁబడిన దుప్పి యింకొక యొడ్డునకుఁ బోయి ధర్మాసనమును మార్చుకొనును. దానిఁ దఱిమినవాఁడును నట్లే చేయును.

పాల్వంచ చెంత 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని యభయారణ్యము 1977లో నేర్పడినది. విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని పాటలచే నీ యేఱు తెలుఁగునాఁట నెల్లరకుఁ దెలిసినది. కాని దాని మొసళ్లను, దుప్పులను, ఎలుఁగులను జూచిన పాఠకులు కొందఱే. దిగువనున్న పాపికొండల యడవి 1978లో నభయారణ్యమై 2008లో జాతీయోద్యానమయ్యెను. ఆ కొండలలోని రెడ్లనుగూర్చి హైమండార్ఫు 1945లోఁ బ్రకటించిన గ్రంథమునకుఁ బేరే ‘బైసన్ కొండల రెడ్లు’. బైసన్ అనఁగా మన యడవిదున్న. కొండకుఁ బేరిచ్చిన జంతువును నేఁ డాకొండకుఁ బోయి వెదకవలసివచ్చుచున్నది.

తఱుగుదలకు వేఁట యొక్కటియే కారణము గాదు. బొగ్గుగనులు, జలాశయములు, బాటలు, పోడు, కలపతోఁటలు – ఇవన్నియు నడవిని ముక్కలు చేసినవి. వేఁటయు మాఱినది. ప్రబంధమునందలి బోయవాఁడు వలయొగ్గి కుక్కను విడిచెను. నేఁటివాఁడు కరెంటు తీఁగను బఱచి యింటికిఁ బోయి నిద్రించును. దానికిఁ బందియని, పెంటియని, కూనయని భేదము లేదు. ఒక్కొక్కప్పుడు దారినఁ బోవు మనుష్యుఁడును దానికి బలి. ఏటిలో మందుగుండు పేల్చువానికిఁ దేలిన చేఁప దక్కును. అడుగునఁ బడినదియుఁ గ్రుడ్లును వానికి లెక్కలేదు. వృత్తివేఁటకు శ్రమయే మేర. ఈ వేఁటకు శ్రమ లేదు గావున మేరయు లేదు. గోదావరి వరదనీటి కెదురీఁది సముద్రమునుండి వచ్చు పులసకు ధవళేశ్వరపు టానకట్ట 19వ శతాబ్ది నడుమనుండియు నడ్డుగా నిలిచి యున్నది.

శబ్దార్థవిచారము

ఇందు పండితులకేమి సంబంధమని యడుగువారు కలరు. సంబంధము మన శాస్త్రముననే కలదు. పదమునకు జాతి యర్థమా, వ్యక్తి యర్థమా యని మహాభాష్యమున విచారము గలదు. జాతివాదులు, వ్యక్తి నశించినను జాతి నిలుచునుగాన శబ్దార్థసంబంధము నిత్యమందురు. ఒక గోవు మరణించినంత మాత్రమున గోత్వము పోదు. కాని యాశ్రయమగు వ్యక్తులన్నియు నశించినచో? ఈ ప్రశ్న ప్రాచీనులకు వాదమాత్రము, మనకుఁ బ్రత్యక్షము. వేఁటచిఱుత భారతదేశమునఁ గొట్టఁబడి, 1952లో నిచ్చట లేనిదని ప్రకటింపఁబడినది; 2022లో నాఫ్రికానుండి తెచ్చి మధ్యప్రదేశపుఁ గూనో వనమున విడిచిరి. నడుమ 70 ఏండ్లు ఆ పదమునకు మనదేశమున నాశ్రయము లేకపోయినది. నీటి యెనుముయొక్క యడవిజాతి ఛత్తీసుగఢమునఁ గొన్నిచోట్ల మాత్రమే కొలఁదిగా మిగిలినది.

ఇందు కెదురు నిదర్శనము కలివికోడి. గోదావరి, పెన్న పరీవాహములందు 19వ శతాబ్దిలోఁ బక్షిశాస్త్రజ్ఞులు చూచిన యీ పిట్ట నశించినదనియే తలఁపఁబడెను. 1986లోఁ గడపజిల్లా పొదలలో నది మరలఁ గనఁబడినది. దానిని బట్టియిచ్చినవాఁ డా ప్రాంతపుఁ బిట్టలవేఁటగాఁడు. పండితులు పోయినదన్న దానిని, పేరుతోఁ బిలిచి చూపినవాఁడు వేఁటకాఁడు. ఉపమానప్రమాణములోని యరణ్యవాసి యీతఁడే.

మన నిఘంటువులను దెఱచి చూడుఁడు. న్యంకువు, రంకువు, రురువు – అన్నిటికిని ‘మృగవిశేషము’; శకులము, మద్గురము – ‘మత్స్యవిశేషము’. ఏ విశేషమో చెప్పని విశేషము. గవయమును గొంద ఱడవిదున్న యందురు, కొందఱు మనుఁబోతందురు. తెలంగాణప్రభుత్వము జింకను రాష్ట్రజంతువుగాఁ బ్రకటించినది. అది చుక్కలు గలది, మా పల్లెలలో దానిని దుప్పియందురు. ఆంధ్రప్రదేశపు రాష్ట్రజంతువు కృష్ణజింక. అది కావ్యములందలి యిఱ్ఱి. పేర్లీ విధముగాఁ జెదరియుండఁగా, ఏ జంతువు నే షెడ్యూలు కాపాడుచున్నదో పల్లెవాని కెట్లు తెలియును? తెలియని నిషేధమును దాఁటినవానికి దండము, తెలిసి దాఁటినవానితో సమానమా? ఇది ధర్మప్రశ్న, పరిష్కారము శబ్దశాస్త్రజ్ఞుని చేతిలో నున్నది.

అభయ మెవరికి?

‘అభయారణ్యము’ అను సమాసమును విడఁదీసి చూతము. అభయముకొఱకైన యరణ్యమా? భయములేని యరణ్యమా? ఎవ్వరికి భయము లేకుండుట? శబ్దము చెప్పదు, వివక్ష చెప్పవలయును. లోపల దుప్పియుఁ గలదు, కోయకుటుంబమును గలదు. దుప్పి కభయమై కుటుంబమునకు భయమైన యడవి యా పేరునకు సగమే తగును.

కోయల భూమిపండుగలోఁ బురుషులందఱుఁ గూడి వేఁటకుఁ బోవుట సంప్రదాయము. 2006 నాఁటి యటవీహక్కుల చట్టము సాంప్రదాయికహక్కులను గుర్తించుచు, చెఱువులయందును నేళ్లయందును జేఁపలు మున్నగువానిని బొందు హక్కును జేర్చినది. వేఁటాడు హక్కును, ఉచ్చు పన్ను హక్కును మాత్రము స్పష్టముగా మినహాయించినది. ఉత్సర్గము సంప్రదాయరక్షణము, అపవాదము వేఁట. అపవాదము బలీయమని మన మెఱుఁగుదుము. ఈ యపవాదమును నేనంగీకరింతును: విత్తనము మిగిలియుండఁగాఁ దినరాదు. కాని ధర్మరాజు చేసిన పనిని మఱవరాదు. ఆతఁడు మృగములకుఁ జోటిచ్చి తన పరివారమును బస్తుంచలేదు. కామ్యకవనమునకుఁ గొనిపోయి పోషించినాఁడు. కౌటిల్యుఁడును గుటుంబికి దండము తగ్గించినాఁడు. వ్యసనమునకు విధించిన దండమే వృత్తికిని విధించుట మన ధర్మశాస్త్రమునకు సమ్మతము గాదు. కరెంటు తీఁగతో మాంసము నమ్ముకొనువాఁడును, పండుగనాఁడు విల్లు పట్టినవాఁడును నొక్కఁడే యనఁజాలము.

ముగింపు

కావున నా నిర్ణయ మిది. మృగయావర్ణనము లక్షణవిధి గాదు, కవుల యభిరుచి. మన కథలు వేఁటకు మేర చెప్పుచునే వచ్చినవి. నేఁటి నియమము లా మేరకుఁ జట్టరూపములు. వానిలోఁ గొఱఁత యున్నచో నది నిషేధమునందుఁ గాదు, వృత్తివ్యసనవివేకము చాలకుండుటయందు.

పండితులకు రెండు మనవులు. వేఁటఘట్టమును జెప్పునప్పుడు మృగస్వప్నకథనుగూడఁ జెప్పవలయును. రెండవది, మన పరిషత్తువారు గోదావరికి రెండుదరులందలి పల్లెలలో జంతువుల, పక్షుల, చేఁపల పేర్లను, తెలుఁగునందును గోయభాషయందును, చూచినవారి నోటినుండియే సంగ్రహించి, చట్టమునందలి పేర్లతోను గావ్యములందలి పేర్లతోను సమన్వయించి ప్రకటింపవలయును. ఆ వృద్ధులు పోయిన పిమ్మట నీ పని సాగదు.

ఆ బాలుని ప్రశ్నకు నేనానాఁ డుత్తర మీయలేదు. మఱునాఁడు ‘మృగవిశేషము’ అను మాటను గొట్టివేయించి, “దీనిని మీ తాత నడిగి వ్రాసికొని రమ్ము” అంటిని. ఆతఁడు వ్రాసి తెచ్చిన మాటలలో గిట్టలయొద్ద తెల్లని రోమమును, వెన్నుమీఁది మూఁపురమును, నీటికి వచ్చు వేళయుఁ గలవు. నా నిఘంటువులలో నవి లేవు.